మిరియాల వాసన ఎవరికి తెలిసింది?

వంట, వైద్యం, పిల్లల చదువు, పెళ్ళి కబుర్లు – వీటికే అలవాటుపడిన మా పాఠకులు, ఈ నెల వైను గురించి వ్యాసమనగానే ముక్కుమీద వేలు వేసుకుంటారని మేమెరుగుదుము. దయచేసి ఆ వేలు తీసివేయండి. ఇందులో నోటికంటె ముక్కుకే పని ఎక్కువ. ఎవరినీ తాగమనడానికి గాని, తాగేవారిని మెచ్చుకోవడానికి గాని ఇది రాయడం లేదు. ఒక రుచిని ఉన్నదున్నట్లు మాటలో పెట్టడం ఎంత కష్టమో, పెట్టలేనప్పుడు మంచివాళ్ళు సైతం ఎంత సులువుగా బొంకుతారో, ఒకనాటి సాయంకాలం మా కళ్ళముందు తేటతెల్లమయినది. ఆ సంగతి చెప్పాలని మా కోరిక.

బెంగళూరులో మా మిత్రులొకరున్నారు. వారి తాతగారి కాలంలో కోలారు వైపు పల్లె విడిచి వచ్చిన కుటుంబం. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మనుమల వరకు వచ్చేసరికి రెంటికీ నడుమ ఇంగ్లీషు. ఇంటికి పెద్ద దిక్కు వారి తల్లిగారు. ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ, మేమూ ఆమెను అవ్వ అనే పిలుస్తాము. ఎనభై నాలుగేళ్ళ మనిషి. చూపు కొంచెం తగ్గింది గాని ముక్కు తగ్గలేదు. ఏ ఇంట చారుకు తిరగమోత పెడుతున్నారో, అందులో ఇంగువ ఏపాటిదో వీధి అరుగు మీద కూర్చుని చెప్పగలదు.

మిత్రుల అల్లుడికి ఆస్ట్రేలియాలో అడిలైడు నగరంలో ఉద్యోగం. మొన్న సెలవుకు వస్తూ రెండు సీసాలు తెచ్చాడు. రెండూ ఒకే తోటవారివి, ఒకే ఏడు చేసినవి, షిరాజ్ అనే నల్లద్రాక్షవి. తేడా తీగల వయస్సులో ఉన్నది. ఒకదానివి పదిహేనేళ్ళ తీగలు. రెండవదానివి నూరేళ్ళు దాటిన తీగలని సీసా మీది చీటీలో అచ్చు వేసి ఉన్నది. దాని ధర మొదటిదానికి మూడింతలు.

"మామగారూ, ఇది ముదురుతీగల వైను. దీని లోతే వేరు" అన్నాడు అల్లుడు.

మా మిత్రులు ఉద్యోగమంతా లెక్కల తనిఖీలో గడిపినవారు. వారికి వైను సంగతి తెలియదు గాని మూడింతలంటే ఏమిటో తెలుసును. "లోతు సంగతి తరువాత చూతాము నాయనా. ముందు రెండు సీసాలకూ కాగితం చుట్టి, ఒకటి, రెండు అని అంకెలు వేయించు. ఏది ఏదో నీకు కూడా తెలియకూడదు" అన్నారు. ఆ పని వంటింట్లో కోడలు చేసినది.

రుచి చూడడానికి కూర్చున్నవారము అయిదుగురము: మిత్రులు, వారి కుమార్తె, అల్లుడు, పక్కింటి ప్రొఫెసరుగారు, మేము. అవ్వ తాగదు, "వాసన చూస్తే పాపం రాదు గదా" అని తనంతట తానే వచ్చి కూర్చున్నది. ఇంట్లో వైను గ్లాసులు లేవు. గాజు టీ గ్లాసులలో మూడోవంతు మించకుండా పోశారు. మిగతా ఖాళీ అంతా వాసన నిలవడానికట.

పద్ధతి అల్లుడే చెప్పాడు. ముందు తెల్లగుడ్డ పరచి, గ్లాసు వంచి రంగు చూడాలి. తరువాత గిరగిర తిప్పి ముక్కు లోపల పెట్టి వాసన పట్టాలి. అటుపిమ్మట చిన్న గుక్క నోట పెట్టుకొని, పెదవుల నడుమ నుంచి కొంచెం గాలి లోపలికి పీల్చాలి. ఇది మన పెద్దలు వేడి చారు జుర్రినట్లే ఉంటుంది గాని, అక్కడ దీనిని మర్యాద అంటారు. మింగినాక రుచి ఎంతసేపు నిలుస్తుందో కూడా లెక్కపెట్టాలి.

సరే, మొదటి గ్లాసు వచ్చింది. మాకు నేరేడుపండు తోచినది. అమ్మాయికి ఎండు రేగుపండ్లు. ప్రొఫెసరుగారు చాలాసేపు ఆలోచించి "గంభీరంగా ఉన్నది" అన్నారు. అల్లుడు కళ్ళు మూసుకొని, "నల్ల రేగుజాతి పండు, మిరియాలు, కొంచెం అతిమధురం" అని గడగడ చెప్పాడు. వరుస చూస్తే మాకు వ్యాకరణం వప్పచెప్పినట్లనిపించినది.

అవ్వ గ్లాసు ముక్కు దగ్గరకు తీసుకొని ఒక్క క్షణం ఆగింది. "ఇదేందిరా, మిరియాలు దంచి రోలు కడగకుండా పెట్టినట్ల ఉండాదే!" అన్నది. మరల వాసన చూసి, "అడుగున జలుబు నూనె గూడా ఉండాది" అన్నది.

జలుబు నూనె అంటే నీలగిరి తైలం. అల్లుడు నిర్ఘాంతపోయాడు. ఎందుకంటే అది సీసా చీటీలో లేదు, కాని నిజం. ఆస్ట్రేలియాలో కొన్ని ద్రాక్షతోటల పక్కనే యూకలిప్టసు చెట్లుంటాయి. వాటి నూనె గాలిలో వచ్చి పండ్ల మీద చేరుతుంది. తెగి పడిన ఆకులు పండ్లతోపాటు తొట్టిలో పడుతాయి. చెట్లకు దగ్గర వరుసలలో కోసిన పండ్ల వైనులోనే ఆ వాసన హెచ్చుగా ఉంటుందని అక్కడి పరిశోధకులు కొలిచి చెప్పారు. ఆ చెట్టు వారిది. ఇంగ్లీషువారు తెచ్చి మన నీలగిరుల మీద నాటగా, మనకు అది నీలగిరి తైలమయినది. అవ్వ ఆస్ట్రేలియాను చూడకుండానే ఊటీ మీదుగా దానిని పట్టుకున్నదన్నమాట.

ఇక మిరియాల సంగతి. మా మిత్రులు ఉండబట్టలేక, "నాయనా, నాకు మిరియాలేమీ తగలడం లేదు. నీకెక్కడ తగిలాయో చూపించు" అని అడిగారు. అల్లుడు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. కొంచెంసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుని, ఎవరి వంకా చూడకుండా, "నాకూ తగలలేదు మామగారూ" అన్నాడు.

ఆ మాట చెప్పడానికి అతనికి మూడేళ్ళు పట్టినదట. ఆఫీసువారు నెలకొకసారి తోటలకు పోయి రుచి చూస్తారు. గ్లాసు పట్టుకొని అందరూ మిరియాలు, మిరియాలు అంటారు. ఇతనికి ఎప్పుడూ ఆ వాసన రాలేదు. రాలేదంటే, మిరియాలు పుట్టిన దేశపువాడు మిరియాలు గుర్తుపట్టలేడా అని నవ్వుతారేమోనని మొదటిసారి తనూ తల ఊపాడు. రెండోసారి ముందుగానే చీటీ చదివి పోయాడు. తరువాత అది అలవాటయినది. భార్యకు కూడా చెప్పలేదు.

అవ్వ లేచి వంటింట్లోకి పోయి నాలుగు మిరియాలు నలిపి అరచేతిలో తెచ్చింది. "చూడు నాయనా." అతడు వాసన చూసి, "ఘాటు ముక్కుకు తగులుతున్నది అవ్వా. మీరు రోలు వాసన అంటున్నది మాత్రం నాకు అందడం లేదు. చిన్నప్పటినుంచీ మిరియాల చారు అంటే నాకు కారమే తెలుసు" అన్నాడు.

ఇది అతని లోపం కాదు. మిరియాలకు ఆ వాసన తెచ్చే పదార్థం పేరు రోటండోన్. షిరాజ్ వైనులో మిరియాల వాసన ఎక్కడినుంచి వస్తున్నదో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2008లో ఆస్ట్రేలియా వైను పరిశోధన సంస్థవారు, మిరియాలలోనూ ఆ ద్రాక్షలోనూ ఉన్నది ఒకే పదార్థమని ప్రకటించారు. ఆ పేరు మన తుంగముస్తల శాస్త్రనామం నుంచి వచ్చినది. అది మొట్టమొదట దొరికినది ఆ గడ్డలలోనే. చల్లటి మెట్ట ప్రాంతాలలో పండిన షిరాజ్ లో ఇది ఎక్కువ. లీటరు ఎర్రవైనులో గ్రాములో నూరుకోట్లవ వంతులు పదహారు ఉంటే చాలు, ముక్కుకు తెలిసిపోతుంది. కాని అదే పరిశోధనలో మరొక చిత్రం బయటపడినది. వాసన చూసినవారిలో సుమారు అయిదుగురికి ఒకరికి, ఉత్త నీళ్ళలో వందల రెట్లు కలిపి ఇచ్చినా ఆ వాసన తెలియనే లేదు. మిగతా వాసనలన్నీ వారికి అందరిలాగే తెలుస్తాయి.

ఈ సంగతి ప్రొఫెసరుగారు చెప్పగా అల్లుడి ముఖం తేలికపడినది. "అయితే ఆ నెలనెలా వచ్చేవారిలో నాబోటివాళ్ళు ఇంకా ఉన్నారేమో?" అన్నాడు. ఉండి తీరాలి. వారూ తల ఊపుతూనే ఉంటారు కాబోలు.

చీటీ మాట వినడం వైను రుచి చూసేవారికి పాత జబ్బు. ఫ్రాన్సులో బోర్డో విశ్వవిద్యాలయంలో వైను విద్య చదువుతున్న 54 మందికి ఒక తెల్లవైనులో రుచి లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. ఆ పరిశోధన 2001లో అచ్చయినది. వారు దానిని వర్ణించడానికి ఎర్రవైనుకు వాడే మాటలే వాడారు. ముక్కు పట్టకముందే కన్ను తీర్పు చెప్పివేసినది. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయపు ఆన్ నోబుల్ అనే ఆచార్యురాలు 1984లో వాసనల చక్రం ఒకటి గీశారు. లోపలి వలయంలో పండు, మసాలా, మట్టి అని పెద్ద జాతులు. వెలుపలికి పోయినకొద్దీ ఫలానా పండు, ఫలానా దినుసు. తడిసిన కుక్క వాసన కూడా అందులో ఉన్నది. ఉదాత్తం, సొగసు, గంభీరం వంటి మాటలకు మాత్రం చోటు లేదు. పక్కమనిషి ముక్కు దగ్గర పెట్టి ఇదిగో అని చూపగలిగినదే మాట. ఇది విని ప్రొఫెసరుగారు కొంచెం నొచ్చుకున్నారు.

మనవారి తీరు తలకిందులు. మన విమర్శకులు కవిత్వాన్ని ద్రాక్షాపాకమని, కదళీపాకమని, నారికేళపాకమని పండ్లతో రుచి చూశారు. అక్కడివారు ద్రాక్షరసాన్ని కవిత్వంతో రుచి చూస్తున్నారు. ద్రాక్షతో చేసిన మద్యం మన పూర్వులకు తెలియనిదేమీ కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దానిని మధువు అని, పుట్టిన దేశాన్ని బట్టి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు చెప్పాడు. ఇప్పుడు బోర్డో, బుర్గుండీ అంటున్నట్లే గదా.

రెండో గ్లాసు వచ్చేసరికి మనుమడు కూడా చేరాడు. పన్నెండేళ్ళవాడు, వాడికి వాసన వరకే అనుమతి. వాళ్ళ అత్త ఒక గుక్క మింగి, "దీనికి వగరు ఎక్కువ, కాని మెత్తని వగరు" అన్నది. వాడు, "వగరంటే ఏమిటి?" అని అడిగాడు.

గదిలో అందరమూ ఒకరినొకరు చూసుకున్నాము. ఉగాది పచ్చడి ఏటేటా తినే పిల్లవాడు. కర్ణాటకలో చుట్టుపక్కలవారంతా వేపపువ్వు, బెల్లంతో సరిపెట్టుకున్నా, ఈ ఇంట ఆరు రుచులూ తప్పకుండా కలుపుతారు. తినడం ఉన్నది గాని, ఏది ఏ రుచో అడిగి చెప్పించడం ఎప్పుడో మానేశారు. అవ్వ ఏమీ అనలేదు. తన మందుల డబ్బీలోనుంచి కరక్కాయ ముక్క తీసి వాడి నాలుక మీద పెట్టింది. వాడు ముఖం ముడిచి, "నోరంతా లాగుతున్నది!" అని అరిచాడు. "అదే" అన్నది అవ్వ.

వైను వగరు ద్రాక్షతోలు, గింజలు, కొంత ఓకు కర్ర పీపాల నుంచి వస్తుంది. దానిని టానిన్ అంటారు. అది లాలాజలంలోని మాంసకృత్తులను పట్టేసుకుంటుంది; నోటిలో జారుడు పోయి ఎండినట్లవుతుంది. అందువల్ల అది రుచి కాదు, స్పర్శ అని నేటి శాస్త్రజ్ఞులు ఎక్కువమంది అంటారు. మన వైద్యులు దానిని కషాయమని ఆరు రుచులలో ఒకటిగా లెక్కవేశారు. ఎవరి లెక్క వారిది గాని, ఆ ఒక్క అనుభవానికి ఇంగ్లీషు వర్ణనలలో డొంకతిరుగుడుగా చెప్పేవన్నీ చదివినప్పుడు, వగరు అనే మూడక్షరాల మాట ఉన్నందుకు మాకు గర్వమే. కరక్కాయ వగరు, మామిడిపిందె వగరు, పచ్చి అరటికాయ వగరు, వక్క వగరు ఒకటి కావని మన వంటిళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు.

మరి బెంగళూరు బ్లూ ద్రాక్ష మాటేమిటని మా పాఠకులు అడుగుతారు. ఈ ఇంటి వెనుక ఒకప్పుడు ఆ తీగ పందిరి ఉండేది. అది అమెరికా జాతి రక్తం కలిసిన తీగ. ఆ జాతి పండ్లకుండే ఘుమఘుమను వైను పండితులు నక్క వాసన అని పేరుపెట్టి దోషంగా ఎంచుతారు. కోలారు, చిక్కబళ్ళాపురం, బెంగళూరు పిల్లలకు ద్రాక్ష వాసన అంటే అదే! 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినది. అవ్వకు రెండు గ్లాసులలోనూ ఆ వాసన దొరకలేదు. "ఇది ద్రాక్షేనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

కాగితాలు విప్పేముందు ముదురుతీగ కథ చెప్పవలసి ఉన్నది. తీగ వయస్సు వేరు, వైను వయస్సు వేరు. నూరేళ్ళ తీగ మీద నిరుడు కాసిన పండు వైను కూడా ముదురుతీగ వైనే. నాటిన మూడో ఏట తీగ కాపుకు వస్తుంది. ముదిరినకొద్దీ కాపు తగ్గుతుంది. రైతుకు రాబడీ తగ్గుతుంది. స్లొవేనియా దేశపు మారిబోర్ పట్టణంలో ఒక ఇంటి గోడకు పాకిన తీగ నాలుగు వందల ఏళ్ళు దాటి ఇంకా కాస్తున్నది. దానికి ప్రపంచ రికార్డు ఉన్నది గాని, పంట మాత్రం అర క్వింటాలు అటూ ఇటూ.

ఐరోపాలో ముదురుతీగలు తక్కువ కావడానికి కారణం ఒక పురుగు. 1860ల నాటికి అమెరికా నుంచి ఫిలోక్సెరా అనే వేరుపేను ఫ్రాన్సుకు చేరి, తోటలకు తోటలను ఎండగొట్టినది. చివరకు ఆ పేనుకు తట్టుకునే అమెరికా వేరుమీద ఐరోపా తీగను అంటు కట్టి బతికించారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రానికి 1877లో ఆ పేను వచ్చినది. పక్కనున్న దక్షిణ ఆస్ట్రేలియావారు 1899లో గట్టి చట్టం చేసి, బయటి మొక్కను రానివ్వక తప్పించుకున్నారు. అందుచేతనే అక్కడి బరోసా ప్రాంతంలో సొంత వేళ్ళ మీద నిలిచిన పాతతీగలు నేటికీ ఉన్నాయి. తానుండాలో 1843లో నాటిన షిరాజ్ వరుసలు ఇప్పటికీ కాస్తున్నాయి.

వాటిని నాటినవారి సంగతి మా పాఠకులకు పరాయిది కాదు. మతం విషయంలో ప్రష్యా రాజుతో పడక, సైలీషియా మొదలైన సీమల నుంచి 1838 మొదలు ఓడలెక్కి వచ్చిన జర్మను కుటుంబాలవారు. 1842లో బరోసాలో బెథనీ అనే ఊరు కట్టుకున్నారు. చర్చిలో, వంటింట్లో తమ భాషను తరాల తరబడి నిలుపుకున్నారు. దానికి బరోసా జర్మను అనే పేరు వచ్చినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917 చట్టంతో వారి ఊళ్ళ జర్మను పేర్లు మార్చివేశారు. తీగల పేర్ల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

తీగలకు గండం 1980లలో వచ్చినది. ఎర్రవైనుకు గిరాకీ పడిపోయి, ద్రాక్ష మిగిలిపోగా, తీగ పెరికితే డబ్బిస్తామని ప్రభుత్వమే పథకం పెట్టినది. నూరేళ్ళ షిరాజ్ తీగలను కూడా పెరికివేశారు. అప్పు ఉన్న రైతును ఏమనగలము? పీటర్ లేమన్ వంటి కొందరు వైను కర్తలు ఆ రైతుల పండు కొంటూ పోవడం వల్ల కొన్ని తోటలు దక్కాయి. 2009లో బరోసావారు తీగలకు అంతస్తులు కట్టారు: 35 ఏళ్ళు దాటితే ముదురుతీగ, 70 దాటితే గండం గడిచినది, 100 దాటితే శతాయువు, 125 దాటితే పూర్వీకురాలు. చాలా దేశాలలో మాత్రం చట్టం ఏమీ లేదు. ముప్పై ఏళ్ళ తీగకూ ముదురుతీగ అని చీటీ అంటించవచ్చును.

వైను నిజంగా మెరుగవుతుందా అంటే, వాదం తేలలేదు. వేరు లోతుకు పోయినందున ఎండ ఏడయినా వాన ఏడయినా తీగ పెద్దగా చలించదని, పండ్లు తక్కువైనందున సారం చిక్కబడుతుందని పెంచేవారంటారు. ఎదటివారు, మంచి పండు కాసిన తోటనే గదా తాతముత్తాతలు పెరకకుండా ఉంచారు, గొప్ప తీగ వయస్సుది కాదు, ఆ నేలది అంటారు. మాకు ఈ రెండో మాటలో పస కనిపిస్తున్నది. అయినా నూటయాభై ఏళ్ళు నిలిచిన బోదెను చూసి ఊరకే ఉండలేము.

కాగితాలు విప్పారు. అంతకుముందే అయిదుగురమూ ఏది ముదురుతీగదో చీటీలమీద రాసి మడిచి పెట్టాము. మిత్రులు, అల్లుడు, మేము మొదటిదే ముదురుతీగదని రాశాము. ముగ్గురమూ తప్పు. అమ్మాయి, ప్రొఫెసరుగారు రెండోదని రాశారు. ప్రొఫెసరుగారు ఊహించి రాశానని ఒప్పుకున్నారు. అమ్మాయి మాత్రం, "మింగిన చాలాసేపటికి కూడా వగరు నాలుక మీద పట్టుగుడ్డలా ఉన్నది, అందుకని" అన్నది. మూడింతలు పోసిన అల్లుడు తలమీద చేయి పెట్టుకున్నాడు. మామగారు, లెక్క తేలినప్పుడు తనిఖీదారు నవ్వే నవ్వు ఒకటి నవ్వి ఊరుకున్నారు.

పోయేముందు అల్లుడు తన చిన్న పుస్తకంలో ఆ సాయంకాలపు సంగతి తెలుగులోనే రాసుకున్నాడు. మాకు చూపించాడు. ఒకటి: నేరేడు, నీలగిరి తైలం, రోలు (అవ్వకు, నాకు లేదు). రెండు: ఎండు రేగు, కరక్కాయ వగరు, పట్టుగుడ్డ (ఆమెకు). 'నాకు లేదు' కింద గీత గీసి ఉన్నది.

సీసాలలో సగం మిగిలితే బిరడా బిగించి అలమారలో పెట్టారట. మరునాడు సాయంకాలం అవ్వ తనే బిరడా తీయించి మొదటి సీసా వాసన చూసి, "రోలు కడిగేసినారు. నేరేడు మిగిలిండాది" అన్నదని మిత్రులు టెలిఫోనులో చెప్పారు.